ధూపం చెట్టు చుట్టూ కలుపు

"వీళ్లంతా ఎందుకమ్మా మీ చుట్టూ?"

ఓబులేసు అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. అడిగిన తీరు మాత్రం ప్రశ్నలా లేదు, పంచాయితీ పెట్టినట్టుంది. తిరువేంగళమ్మ గారు చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నారు. శిష్యులడిగిన వాటికి జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఎవరేమడిగినా "సరే నాయనా, చేసి చూడు" అనేవారు. వేదాంతం అడిగినవాడికీ అదే మాట, వంకాయ కూరలో ఉప్పెంత వెయ్యాలని అడిగినవాడికీ అదే మాట. దూరాభారం నుంచి వచ్చిన పండితులు కొందరు ఈ జవాబు విని, ఈమెకేమీ తెలియదని తేల్చేసుకుని, మధ్యాహ్నం బస్సుకే కొండ దిగిపోయేవారు. వాళ్లలా పోతుంటే ఓబులేసుకు ఒళ్లు మండేది. ఆవిడ మీద కాదు సుమండీ, ఆవిడ చుట్టూ ఉన్న జనం మీద.

ఆ ఆశ్రమం పడమటి కనుమల్లో, మబ్బులు ఇంట్లోకొచ్చి కూర్చుని వెళ్లే ఒక కొండవాలులో ఉండేది. తిరువేంగళమ్మ గారి గురువు ఏ కాలంలోనో అనంతపురం వైపు నుంచి నడుచుకుంటూ వచ్చి, అక్కడి పల్లంలో ఒక ధూపం చెట్టు కింద కూర్చుండిపోయాడట. తర్వాత నాలుగు పెంకుటిళ్లు లేచాయి, వంటసాలా సావడీ వచ్చాయి, సీమ నుంచి మనుషులు రావడం మొదలైంది. ఆయన పోయాక ఆ చోటు ఈవిడ చూసుకుంటున్నారు. రోజూ పొద్దున్నే పల్లంలోకి దిగి, చెట్టు మొదలు మీద చెయ్యేసి కాసేపు నిలబడి వచ్చేవారు. పూజంటే ఆవిడకు అంతే.

ధూపం చెట్టు మన మైదానాల్లో కనపడేది కాదు. ఏడాదిలో సగం రోజులు వాన కురిసే దట్టమైన అడవిలో, ఎండ నేలను తాకని చోట అది పుడుతుంది. పుట్టిన మొక్క ఏళ్ల తరబడి పెద్ద చెట్ల నీడలో మోకాలెత్తున ఉండిపోతుంది. ఎప్పుడో పైన ఒక ముసలి చెట్టు కూలి కాస్త సందు దొరికితే అప్పుడు లేస్తుంది. లేచిందా, ఇక అడవి కప్పును తాకేదాకా ఆగదు. లేత ఆకు ఎర్రగా ఉంటుంది, పూత తెల్లగా ఉంటుంది. బెరడుకు గాయమైన చోట జిగురు కారి, గడ్డకట్టి, పటికబెల్లంలా మెరుస్తుంది. దాన్ని నిప్పుల మీద వేస్తే వచ్చే పొగే ఆశ్రమంలో సాయంత్రం ధూపం. పల్లంలోని ఆ పెద్ద చెట్టు చుట్టూ ఇంకా ఏమేమో ఉండేవి. అడవి యాలకుల పొదలు, మిరియాల తీగలు, పేరు తెలియని చిన్న చెట్లు, గొడుగంత ఆకుల మొక్కలు, కుళ్లుతున్న మానులు, వాటి మీద నాచు, కింద మెత్తమెత్తగా అడుగు దిగబడే ఆకుల పొర, ఆ పొరలో జలగలు. మనిషి చెట్టు దగ్గరికి పోవాలంటే వంగి, జరిగి, కాళ్లు దులుపుకుంటూ పోవాలి.

ఓబులేసుకు ఆ పల్లం చూస్తే చేతులు దురద పుట్టేవి. వాడు వేరుసెనగ రైతు కొడుకు. వాళ్ల నాయన చేలో గడ్డిపోచ కనపడితే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. ఊళ్లో ఎవరి చేనుకైనా పేరు రావాలంటే పంట కన్నా ముందు శుభ్రం చూసేవాళ్లు. వానే అరుదుగా పడే నేల అది. పడిన నాలుగు చినుకుల్లో ఒకటి కలుపు మొక్క తాగితే పంట నోటి దగ్గరిది లాక్కున్నట్టే. కలుపంటే వాళ్లకు దొంగ. ఆ లెక్కలోనే పెరిగి, భార్య పోయాక పొలం తమ్ముడికి వదిలేసి, తిరువేంగళమ్మ గారి పాదాల దగ్గరికి వచ్చి పడ్డాడు. వచ్చినప్పటి నుంచి ఆశ్రమం పనంతా నెత్తిన వేసుకున్నాడు. మనిషి మంచివాడు, అందులో అనుమానం లేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఎవర్ని గురించి నాయనా?" అన్నారు ఆవిడ, చేటలోంచి తల ఎత్తకుండా.

ఓబులేసు వంటసాల వైపు చెయ్యి చాపాడు. ఆ చేతిలో అప్పుడే పొదలు కొట్టి వచ్చిన మచ్చుకత్తి ఉంది. "లాలెప్ప ఉండాడు. మీరు మాట మొదలుపెట్టీ పెట్టకముందే గురక. మీ మాట వినేదానికి అంత దూరం నుంచి వచ్చినోళ్లు ఆయన గురక విని పోతావుండారు. గౌరమ్మ ఉండాది. ఆయమ్మ నోటికి దడిసి నీళ్లు తాగేదానికి గూడా వంటసాలలోకి ఎవురూ పోరు. చిదంబరం సారు ఉండాడు. దేవుడు లేడంటాడు, ప్రసాదం మటుకు రెండోసారి పెట్టించుకుంటాడు. వీళ్ల వల్ల మీకేం ఉపయోగం? మీ ఓపికంతా వీళ్లే తాగుతావుండారు. పంపించేయండమ్మా. నిజంగా నేర్చుకోవాలనుకునే నలుగురు ఉంటే చాలు."

వాడి మాటల్లో అబద్ధం ఏమీ లేదు. లాలెప్ప మగ్గం నేసి నేసి చూపు పోగొట్టుకున్నవాడు. ఇక్కడ తప్ప ఇంకెక్కడా తనకు నిద్ర పట్టదని చెప్పేవాడు. గౌరమ్మను పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ కూడా గుమ్మంలోకి రానివ్వలేదు, ఆ నోటితో ఎవరు మాత్రం రానిస్తారు. చిదంబరం ఒకప్పుడు బడిపంతులు. పైవాళ్లతో, కిందవాళ్లతో, తోటివాళ్లతో తగాదా పడి ఉద్యోగం పోగొట్టుకుని, తగాదాకి ఇంకెవరూ దొరక్క దేవుడితో పెట్టుకున్నాడు. కొండ దింపితే ఈ ముగ్గురికీ పోవడానికి చోటంటూ లేదు. ఆ సంగతి ఓబులేసుకూ తెలుసు. తెలిసే అడిగాడు. మంచివాళ్లకు ఒక్కోసారి ఇంత రాతిగుండె ఎక్కడ నుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

తిరువేంగళమ్మ గారు చేట కింద పెట్టారు. వాడి మొహం వంకా, కత్తి వంకా చూశారు.

"మనుషుల సంగతి తర్వాత చూద్దాం," అన్నారు. "ముందు ధూపం చెట్టు దగ్గర చేసి చూడు. దానికి పనికిరాదని నీకు తోచిందంతా తీసెయ్. వచ్చే మాఘానికి చెట్టు ఇప్పటికన్నా బాగుంటే, నువ్వు చెప్పినవాళ్లని నేనే దగ్గరుండి బండెక్కిస్తాను."

ఓబులేసు ఆవిడ పాదాలకు దణ్ణం పెట్టి అప్పుడే పల్లంలోకి దిగాడు. ఇంతకన్నా సులువైన పరీక్ష ఉంటుందా అనుకున్నాడు. ఆ రోజు తిరువేంగళమ్మ గారు అన్నం తినలేదు. ఇవాళ ఏకాదశి కూడా కాదు కదా, ఈవిడకేమొచ్చింది అని గౌరమ్మ ఊరంతా వినేలా సణిగింది.

అప్పటికి మాఘం మొదలైంది. ఆ నెలా, ఫాల్గుణమంతా వాడు చేసిన చాకిరీ చూస్తే ఎవరికైనా కన్నీళ్లొస్తాయి. యాలకుల పొదలూ గొడుగాకుల మొక్కలూ దుంపలతో సహా పెకలించాడు. తీగలు తెంపాడు. చెట్టు మొదట్లో నీడ పడుతోందని చుట్టుపక్కల చిన్న చెట్లను మొదలంటా కొట్టేశాడు. కుళ్లిన మానుల్ని పక్కకు దొర్లించాడు. నేల మీది ఆకుల పొరను పారతో గీకి తీస్తే, దాని అడుగున వేళ్లకు చుట్టుకుని తెల్లటి దారాల్లాంటి బూజు కనపడింది. తెగులు పట్టిందని కంగారుపడి దాన్నంతా కడిగి, సున్నం చల్లాడు. చెట్టు కింద ధూపం మొక్కలే ఒకచోట గుంపుగా లేచి ఉన్నాయి. ఒత్తుగా ఉంటే ఏదీ పెరగదని చాలావాటిని పీకేసి, ఏపుగా ఉన్నవి మాత్రం దూరందూరంగా ఉంచాడు. చెట్టు మొదలు చుట్టూ గుండ్రంగా లోతైన పాదు తవ్వాడు. తవ్వుతుంటే అడ్డమొచ్చిన వేళ్లను తెగ్గొట్టి, పాదు నిండా పశువుల ఎరువు నింపాడు. పీకినదీ నరికినదీ అంతా తట్టలకెత్తి వంటసాల వెనక గుంటలో పారేశాడు.

పని అయ్యేసరికి పల్లం కళ్లంలా తయారైంది. చెట్టు నడిమధ్యన ఒంటరిగా, మొదలు నుంచి చివరిదాకా కనపడుతూ నిలబడింది. అంతకుముందు దాన్ని పూర్తిగా చూసినవాళ్లే లేరు. కొండెక్కి వచ్చినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. దేవాలయంలా ఉందన్నారు. కొందరు చెప్పులు విడిచి ప్రదక్షిణం చేశారు, జలగల భయం కూడా లేదు కదా. ఒకాయన ఓబులేసు చేతులు పట్టుకుని, సేవంటే నీది నాయనా అన్నాడు. ఓబులేసు తల వంచుకుని నవ్వాడు. శుభ్రం అనే మాటకు ఈ లోకంలో ఉన్న గౌరవం చూస్తే నాకు కడుపు మండుతుంది. ఎంత ఘోరం చేసినా సరే, చివర్న చీపురు పట్టుకుని నిలబడితే జనం దణ్ణం పెడతారు.

తిరువేంగళమ్మ గారు మాత్రం పొద్దున్నే వచ్చి, ఎప్పటిలాగే చెట్టు మీద చెయ్యేసి నిలబడి, ఏమీ అనకుండా వెళ్లేవారు. బాగుందా అమ్మా అని వాడడిగితే, "మాఘం దాకా ఉంది కదా" అనేవారు.

చైత్రంలో పూత వచ్చింది. ఓబులేసు పొంగిపోయాడు. అయితే వైశాఖం ఎండలకు వాడు దూరందూరంగా నిలబెట్టిన మొక్కలు ముందు పసుపురంగుకు తిరిగి, తర్వాత ఆకు అంచులు కాలినట్టయి, ఒక్కొక్కటే వాలిపోయాయి. రోజుకు రెండుపూటలా నీళ్లు మోసుకొచ్చి పోసినా ఆగలేదు. పెద్ద చెట్టుకు ఎండ తగిలే వైపు బెరడు పగిలింది. పై కొమ్మల చివర్లు ఎండాయి. వాడికి నిద్ర పట్టేది కాదు. చిదంబరం దిష్టి పెట్టాడనుకున్నాడు. లాలెప్ప కళ్లు కనపడక పాదులో ఏమైనా పోస్తున్నాడేమోనని కాపలా కాశాడు. గౌరమ్మను పల్లం వైపు రావద్దని శాసించాడు. తన పని మీద మాత్రం వాడికి అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? అలా చేస్తే వేరుసెనగ కళకళలాడుతుంది మరి.

జ్యేష్ఠం చివర వానలు దిగాయి. ఆషాఢంలో కాయలు రాలాయి. కోడిగుడ్డంత కాయ, మూడు చీలికలుగా విచ్చుకుంటుంది, లోపల ఒకే ఒక్క బరువైన గింజ. ఓబులేసు తడుస్తూ అన్నిటినీ ఏరి వంటసాల అరుగు మీదికి తెచ్చి పోశాడు. ఒక గింజను చీల్చి కొరికి చూశాడు. మెత్తగా, పచ్చిగా తగిలింది. పంటి కింద కటుక్కుమననిది విత్తనమే కాదని వాళ్ల నాయన నేర్పాడు. పైగా చాలావాటికి అప్పుడే తెల్లటి మొలక ముక్కులా పొడుచుకొచ్చింది. రైతు ఇంట్లో మొలకెత్తిన విత్తనమంటే చెడిపోయిన విత్తనమే, దాచడానికి పనికిరాదు. వాటిని ఏరి పక్కన పడేసి, "వీటిని ఊడ్చి పారెయ్" అని గౌరమ్మతో చెప్పాడు. గౌరమ్మ వాణ్ణి నాలుగు తిట్టి, కూరగాయల తొక్కులతో కలిపి వెనక గుంటలోకి ఊడ్చేసింది.

మిగిలినవాటిని వాడు పొయ్యి పైన అటక మీద పరిచి పొగకూ వేడికీ ఆరబెట్టాడు. పంటి కింద కటుక్కుమనేదాకా ఆరబెట్టాడు. తర్వాత బూడిదలో కలిపి, కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, పైన పేడతో అలికాడు. తాతల నాటి నుంచి విత్తనం దాచే పద్ధతి అదే. ఆ కుండ చూసుకున్నప్పుడల్లా వాడి ప్రాణం కుదుటపడేది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. ఆ కొండల్లో గాలి కొత్త కాదు. ఇన్నేళ్లూ అది చుట్టూ ఉన్న గుంపును ఊపి, తీగల్లో చిక్కుకుని, బలం పోయాక పెద్ద చెట్టును తాకేది. ఇప్పుడు నేరుగా వచ్చి తాకింది. తిరువేంగళమ్మ గారు సావడిలో ఏదో చెబుతున్నారు. ముందు నేల అదిరింది, తర్వాత చప్పుడు వినపడింది. లాలెప్ప కూడా నిద్ర లేచి కూర్చుని, ఏమైంది, ఏమైంది అని చేతులతో గాలిలో వెతుక్కున్నాడు. అందరూ వానలో పరుగెత్తారు. ధూపం చెట్టు వేళ్లతో సహా ఒరిగి, శుభ్రం చేసిన స్థలంలోనే పడి ఉంది. పాదు తవ్విన చోట, వేళ్లు తెగిన చోట, నీళ్లు గుంట కట్టాయి.

ఓబులేసు ఆ నీళ్లలో మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. గౌరమ్మ సైతం నోరెత్తలేదు. తిరువేంగళమ్మ గారు పడిన మాను మీద చెయ్యేసి, రోజూ నిలబడినంతసేపు నిలబడి, వెనక్కి వెళ్లిపోయారు. మరుసటి రోజు చిదంబరం వచ్చి వాడి పక్కన కూర్చున్నాడు. దేవుడు లేడని నేను ముందే చెప్పాను కదా అనబోయి, వాడి మొహం చూసి మానుకున్నాడు.

ఇక వాడికి మిగిలింది ఆ కుండే. చెట్టు పోయినా దాని సంతానాన్ని నిలబెడతానని పంతం పట్టాడు. భాద్రపదంలో నాలుగు రోజులు వాన తెరిపిచ్చినప్పుడు పల్లంలో మళ్లు కట్టి, కుండ మూతి పగలగొట్టి, గింజలు తీశాడు. ఎండిపోయి, ముడుచుకుపోయి, చేతిలో బరువే తెలియకుండా ఉన్నాయి. అయినా వరుసగా నాటాడు. రోజూ పొద్దున్నే వెళ్లి మట్టి మీదికి వంగి చూసేవాడు. ఆశ్వయుజం గడిచింది. కార్తీకం వచ్చింది. ఒక్కటి కూడా తల ఎత్తలేదు. ఒకదాన్ని తవ్వి చూస్తే లోపల నల్లటి పొడి రాలింది.

ఆ ఉదయం వాడు మిగిలిన గింజలన్నీ తట్టలోకెత్తుకుని, పారేద్దామని వంటసాల వెనక గుంట దగ్గరికి వెళ్లాడు. వెళ్లినవాడు అక్కడే బిగుసుకుపోయాడు. తొక్కుల మధ్య, బురదలో, ఎర్రటి లేత ఆకులతో ధూపం మొక్కలు గుంపుగా లేచి ఉన్నాయి. ఏ మళ్లూ లేవు, ఏ వరుసా లేదు. వాడి కళ్లు ముందు నమ్మలేదు. దిగి ఒకదాని మొదలు తడిమి చూస్తే, అడుగున విచ్చుకున్న ఆ గింజ ఇంకా అంటుకునే ఉంది. మొలకొచ్చి చెడిపోయిందని తను ఏరి పడేసిన గింజ.

వాడికి సంతోషం కలగాలి నిజానికి. కలగలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక మొక్కను మట్టితో సహా పెళ్లగించి, రెండు చేతుల్లో పట్టుకుని, పల్లంలోకి పరుగెత్తాడు. తిరువేంగళమ్మ గారు ఆ పడిన మాను మీద కూర్చుని ఉన్నారు.

"ఇది న్యాయమేనా అమ్మా?" అని మొక్కను ఆవిడ ముందు పెట్టాడు. "నేను దీనికి ఏం తక్కువ చేసినా? ఎరువు మోసినా, నీళ్లు మోసినా, తిండి మానుకున్నా. విత్తనాన్ని కంటికి రెప్పలా దాచినా. నాకు పిడికెడు పొడి మిగిలింది. ఆ గౌరమ్మ ఏం చేసింది? తిట్టుకుంటా తొక్కుల్లోకి ఊడ్చింది. ఆయమ్మ పారేసిందానికి మొలకలొచ్చినాయి. మిమ్మల్ని అడుగుతావుండా, సేవకు విలువేముంది ఇంక? ధర్మం యాడుంది?"

ఆవిడ మొక్కను చూశారు. "అది ఎక్కడ మొలిచింది నాయనా?" అన్నారు.

"చెబుతావుండా కదా, వంటసాల వెనక గుంటలో."

"గుంట ఎట్లా ఉంది?"

"ఎట్లా ఉంటుందమ్మా? చెత్త. ఎండ తగలదు. ఎప్పుడూ చితచితలాడతా ఉంటుంది. పైనంతా పొదలు కమ్ముకొని..." ఓబులేసు అక్కడ ఆగాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గొంతులో ఉరుము లేదు. "యాలకుల పొదలు. ఆ గొడుగాకుల మొక్కలు. నేను ఇక్కడ నుంచి పీకి పడేసినవే అమ్మా. అవి చావలేదు. అక్కడ మళ్లీ లేచినాయి. వాటి కిందనే ఇవి..."

వాడు పల్లాన్ని కలయజూశాడు. గీకిన నేల, కట్టిన మళ్లు, గుంటలో నీళ్లు, వేళ్లు పైకి తేలిన మాను. చేసినదంతా ఒక్కొక్కటే వాడి కళ్ల ముందుకొచ్చింది. వచ్చేకొద్దీ వాడి మొహం నల్లబడింది. తర్వాత గిరుక్కున ఆవిడ వైపు తిరిగాడు. ఇంత కాలంలో ఎన్నడూ చెయ్యనిది అప్పుడు చేశాడు, ఆవిడను నువ్వన్నాడు.

"నీకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు. తెలిసి ఎందుకూరుకున్నావు?"

"తెలుసు," అన్నారు తిరువేంగళమ్మ గారు. "మా గురువు కూర్చున్న చోటు ఇది. నువ్వు మొదటి తీగ తెంపిన పూట నాకు ముద్ద దిగలేదు."

"మరి ఒక్క మాట చెప్పకూడదా? వద్దు ఓబులేసూ అంటే ఆగేవాణ్ణి కాదా?"

ఆవిడ లేచారు. ఆవిడకు కోపం రావడం ఓబులేసు అంతకుముందెన్నడూ చూడలేదు. గొంతు పెరగలేదు. కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి.

"చెట్టు దగ్గర ఆగేవాడివి. అక్కడ ఆగేవాడివా?" వంటసాల వైపు చూపించారు. "ఆ పొద్దు కత్తి చేతిలో పట్టుకుని ఒక్కొక్కరి పేరూ చెప్పినావు. ఎవరికెవరు పనికొస్తారో నీకు అంత బాగా తెలిసిపోయింది. నేను కాదంటే నా ఎదుట మానుకుని, నా వెనక చేసేవాడివి. ఆ కత్తికి ఏదో ఒకటి ఇవ్వక తప్పేట్టు కనపడలేదు. నాకని ఉన్నది ఈ చెట్టొకటే. ఇచ్చినా."

పైన వంటసాలలో గౌరమ్మ ఎవరినో తిడుతోంది. చిదంబరం గొంతు ఆమెకు ఎదురు చెబుతోంది. సావడి అరుగు మీద లాలెప్ప గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. తిరువేంగళమ్మ గారు వంగి, వాడు పెళ్లగించి తెచ్చిన మొక్కను మట్టితో సహా ఎత్తి, వాడి చేతుల్లోనే పెట్టారు.

"మాఘం దగ్గరికొచ్చింది నాయనా," అన్నారు. "చెప్పు మరి, ముందు ఎవర్ని పంపిద్దాం?"